ఏడో గడిలో ఒకటి

రాయలసీమ చరిత్ర రాసినవాళ్లు రాజుల గురించి రాశారు, పాలెగాళ్ల గురించి రాశారు, కరువుల గురించైతే సంవత్సరాల పేర్లతో సహా రాశారు. వెంకటేశులు సారు తువ్వాలు గురించి మాత్రం ఒక్కరూ రాయలేదు. ఆ లోపాన్ని ఇక్కడ సవరించడమైనది.

ఆ తువ్వాలు తెల్లది. అంచుకు సన్నటి నీలం గీత. సారు ఎక్కడ కూర్చోవలసి వచ్చినా, బస్సు సీటైనా, ఆఫీసు బెంచీ అయినా, వియ్యంకుల ఇంట్లో కొత్త సోఫా అయినా సరే, ముందు భుజం మీది తువ్వాలు తీసి కూర్చునే చోటును మూడుసార్లు దులిపేవారు. మొదటిసారి దులిపేది దుమ్ము కోసం. రెండోసారి దులిపేది, మొదటిసారి లేచి మళ్లీ అక్కడే వాలిన దుమ్ము కోసం. మూడోసారి ఎందుకన్న విషయం మీద ముదిగుబ్బ హైస్కూల్లో ఆయన దగ్గర చదువుకున్న పిల్లలు రెండు పక్షాలుగా చీలి, పెళ్లిళ్లయి పిల్లల్ని కన్నాక కూడా వాదించుకుంటూనే ఉన్నారు. ఒక్క విషయంలో మాత్రం రెండు పక్షాలకూ పేచీ లేదు. మూడోసారి దులిపాక సారు కూర్చుని తీరతారు. దులిపి కూర్చోకుండా ఉండటం అన్నది ఆయన సర్వీసు మొత్తంలో నమోదు కాలేదు.

హెడ్మాస్టరుగా రిటైరైన రెండేళ్లకు ప్రభుత్వం ఆయన్ను ఉపాధి హామీ పనులకు అంబుడ్స్‌మన్‌గా వేసింది. కూలీలు తమ కష్టం చెప్పుకుంటే విని, పని జరిగే చోటికి పోయి చూసి, ఫలానా లోపం సరిచేయండని ఆర్డరు రాసే పెద్దమనిషి అన్నమాట. అనంతపురంలో మెట్ల కింద ఒక గది ఇచ్చారు. గదిలో ఒక ఫ్యాను, ఒక కంప్యూటరు, ఆ కంప్యూటరును నడిపే ఉమాదేవి. పల్లెల్లో ఆయనకు పడిన పేరు అర్జీల సారు.

అర్జీల సారుకు ఏడాదంతా ఉండే పని ఒక ఎత్తు, మార్చి నెలాఖరు ఒక ఎత్తు. ఆ ముప్పై ఒకటో తేదీ సాయంత్రం ఐదు గంటలలోపు వార్షిక నివేదిక పైకి పోవాలి. అందులో ఒక పట్టిక, పట్టికలో ఎనిమిది గడులు. ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎన్ని విన్నారు, ఎన్ని కొట్టేశారు, ఇట్లా ఆరు గడులు. ఎనిమిదోది రిమార్కులు. ఈ రెంటికీ మధ్యన ఉన్న ఏడో గడి పేరు "అమలైన ఆర్డర్లు".

ఆ గడిలో మొదటి ఏడాది సున్నా. రెండో ఏడాది కూడా సున్నా.

ఆర్డర్లు రాయక కాదు. నూటికి పైగా రాశారు. "చర్యలు తీసుకోబడుచున్నవి" అని జవాబులు కూడా క్రమం తప్పకుండా వచ్చాయి. చిక్కల్లా సారు పద్ధతిలో ఉంది. తాగునీళ్లు పెట్టామంటే ఆయన పోయి తాగి చూసేవారు. కుండ ఉండేది, లోపల బల్లి ఉండేది. మందుల పెట్టె పెట్టామంటే తెరిచి చూసేవారు. పెట్టె నిండా కూలీల పని చూసే మేటు గారి వక్కాకు ఉండేది. నీడ వేశామంటే పోయి, మంచి ఎండ వేళకు, గడియారం చూసుకుని అరగంట కూర్చునేవారు. అంటే, కూర్చోవాలని పోయేవారు. ఇంతవరకు ఒక్కచోటా తువ్వాలు తీసే అవసరం పడలేదు.

"సార్, ఇంకో జిల్లాలో సారు ఏడో గడిలో నలభై ఒకటి రాసినారంట," అని ఉమాదేవి ఒకసారి ఆశగా చెప్పింది.

"ఆయన ఎట్లా చూసినాడంట?"

"ఫోన్లో అడిగి తెలుసుకున్నారంట సార్."

"ఫోన్లో నీడ కనపడుతుందామ్మా?"

ఉమాదేవి ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కానీ సారుకు లోపల ముల్లు ఉండనే ఉంది. క్లాసు మొత్తంలో ఒక్కడూ పాసు కాకపోతే పిల్లల్ని తిట్టే హెడ్మాస్టర్లు ఉంటారు. ఆయన అట్లాంటివారు కారు. ఇంటికి పోయి అన్నం సరిగ్గా తినని రకం. ఇది మూడో ఏడాది, పదవీకాలం కూడా ఈ మార్చితోనే సరి. పోయేలోపు ఆ గడిలో ఒక్క అంకె, ఒకే ఒక్కటి, అబద్ధం కానిది రాసి పోవాలి. ఆయన కోరిక మొత్తం అంతే.

ఆ ఒక్కటీ రావడానికి వీలున్నది చిన్నగుట్లపల్లి తిరుపాలమ్మ అర్జీ ఒక్కదానికే. శింగనమల దాటి లోపలికి పోతే వచ్చే ఊరది. పోయిన మే నెలలో ఆమె మెట్ల కింద గదికి వచ్చి, నిలబడే, రెండు మాటలు చెప్పింది.

"నీడ లేదు సార్."

"అంతేనా?"

"అంతే. కుంటలో పూడిక తీస్తాండాం. మిట్టమధ్యాన్నం తట్ట నెత్తిన బోర్లించుకుంటే తట్టంత నీడ. ఆ పొద్దు నాకు బదులు మా అక్క మోస్తాండె, తట్టలో మట్టి ఉండె. బోర్లించుకునేకి కాల్యా. పడిపోయింది. మూడు దినాలు ఆస్పత్రిలో ఉండింది." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "రాసుకోండి సార్. నీడ పడితే అక్కను మళ్లా పనికి పిల్చుకపోతా. పడకుంటే ఆయమ్మ రాదు. తవ్వేది ఆయమ్మ, మోసేది నేను. జత లేకుంటే నన్నూ పనికి పిలిచేది తక్కువ."

సారు ఆ రెండు మాటలకు తొమ్మిది పేజీల ఆర్డరు రాశారు. కూలీలకు నీడ కల్పించడం దయ కాదు, విధి అన్న సంగతిని అందులో ఎన్ని రకాలుగా చెప్పవచ్చునో అన్ని రకాలుగా చెప్పారు. జవాబుగా డిసెంబరులో ఒక ఫొటో వచ్చింది. ఫొటోలో నీడ బ్రహ్మాండంగా ఉంది. ఆ నీడలో కూర్చున్నవాళ్లంతా స్వెట్టర్లు వేసుకుని ఉన్నారు. వాళ్ల వెనక పైన్ చెట్లు ఉన్నాయి. సారు ఫొటోను ఫైలులో పెట్టి మళ్లీ ఉత్తరం రాశారు.

ఇక మార్చి ముప్పై ఒకటి. పొద్దున తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. చేసింది ఆ ఊరి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు సురేంద్ర.

"సార్, నీడ పడింది."

సారు కుర్చీలోంచి లేచారు. "యాడ?"

"కుంటలోనే సార్. పనికాడ. పెద్ద నీడ. మీరొచ్చి సూసుకోండి."

ఉమాదేవి అప్పటికే నివేదిక తెరపైకి తెచ్చింది. ఏడో గడిలో గీత మినుకుమినుకుమంటోంది. ఆమె వేలు ఒకటి అంకె మీద గాల్లో నిలబడి ఉంది. "కొట్టేదా సార్?"

"కొట్టొద్దు. కూర్చుని రావాల."

"ఐదు గంటలకు మూసేస్తారు సార్."

"ఐదు లోపల వస్తా. నువ్వు కరెంటు పోకుండా చూసుకో," అని, ఆ అమ్మాయి చేతిలో లేని బాధ్యతను ఆమెకు అప్పగించి సారు బస్టాండుకు పరుగులాంటి నడక నడిచారు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మూడు దులుపుళ్లూ ఒక్క దులుపుడంత వేగంగా అయిపోయాయి. రాళ్ల గుట్టలు, వేరుశనగ పీకేసిన ఎర్ర చేలు వెనక్కి పోతుంటే ఆయన గడియారం చూసుకుంటూ, చేతి వేలితో మోకాలి మీద ఒకటి, ఒకటి, ఒకటి అని రాసుకుంటూ కూర్చున్నారు. పక్కనున్న పెద్దాయన కాస్త అవతలికి జరిగాడు.

మిట్టమధ్యాహ్నానికి కుంట దగ్గరికి చేరారు.

ఎండిన కుంట నడుమ ఎరుపూ పసుపూ చారల షామియానా. నాలుగు వైపులా కుచ్చులు. కింద ఎర్ర తివాసీ. తివాసీ మధ్యలో, పెళ్లికొడుకుని కూర్చోబెట్టే రకం, వీపు ఎత్తుగా బంగారు రంగు పూలున్న కుర్చీ. దాని మీద తెల్ల గుడ్డ. పక్కన మంచినీళ్ల క్యాను, స్టీలు గ్లాసు. సురేంద్ర ఇస్త్రీ చొక్కాలో చెమటలు కక్కుతూ ఎదురొచ్చాడు.

"ఎట్లుండాది సార్?"

"బాగుంది సురేంద్రా," అన్నారు సారు. నిజంగానే బాగుంది. ఆ షామియానా కింద అడుగు పెట్టగానే మాడు మీద ఎవరో చల్లటి చెయ్యి పెట్టినట్టయింది. మూడేళ్లలో మొదటిసారి ఒక పని జాగాలో సారు చెయ్యి భుజం మీదికి పోయింది. తువ్వాలు దిగింది.

ఒకటి.

సురేంద్ర ఊపిరి బిగబట్టాడు.

రెండు.

మూడు. సారు కూర్చోవడానికి వంగారు. వంగినప్పుడు కుచ్చుల కిందుగా బయట ఏముందో కనిపించింది. కట్ట వెంబడి, కాలే ఎండలో, అరవైనాలుగు మంది కూలీలు వరసగా నిలబడి ఆయన్నే చూస్తున్నారు. ముందు తిరుపాలమ్మ. ఆమె నెత్తిన తట్ట బోర్లించి ఉంది. పక్కన, కర్ర పట్టుకుని, నీడ చూడటానికని వచ్చిన ఆమె అక్క.

సారు నిటారుగా లేచారు. మూడోసారి దులిపాక కూర్చోకపోవడం, ముందే చెప్పినట్టు, చరిత్రలో అదే మొదలు.

"ఎండలో ఏంటికి నిలబడుకున్నారమ్మా అందరూ?"

"మీరొస్తాండారని సార్," అంది తిరుపాలమ్మ. "కాళ్లకు మట్టి ఉండాది, తివాసీ ఎర్రది, ఎవురూ లోపలికి రావొద్దన్న్యాడు సురేంద్రన్న."

"నేనట్ల అన్లేదు సార్," అన్నాడు సురేంద్ర. "సారు పోయినాక కూచోండి అన్నా."

"ఇప్పుడే వచ్చి కూచోండి. ఈ నీడ మీకోసం వేసింది."

ఎవరూ కదల్లేదు. బయ్యన్న అనే ముసలాయన తలపాగా సర్దుకుని అందరి తరఫునా మాట్లాడాడు. "మీరు నిలబడుకోనుంటే మాము కూచుంటే ఏం బాగుంటాది సార్? మీరు కూచోండి. మీరు పోయినాక మాము ఎట్లోకట్ల కూచుంటాం."

"మీరు కూర్చుంటేనే నేను కూర్చునేది."

"మీరు కూచుంటే సాలు సార్, మాము కూచున్నట్లే."

ఇట్లా ఇరవై నిమిషాలు గడిచాయి. సారు కూడా బయటికొచ్చి ఎండలో నిలబడ్డారు, పట్టుదల కొద్దీ. అటు కూలీలు, ఇటు సారు, మధ్యన షామియానా. అనంతపురం జిల్లాలో ఎండాకాలం అంత మంచి నీడ అంతసేపు మనిషన్నవాడు లేకుండా ఉండటం మళ్లీ జరగకపోవచ్చు.

చివరికి తిరుపాలమ్మ తట్ట కింద పడేసి వచ్చింది. సారు చేతిలోంచి తువ్వాలు తీసుకుంది. బంగారు పూల కుర్చీని దులిపింది. ఒకటి, రెండు, మూడు. సరిగ్గా మూడే. పోయి కూర్చుని, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టింది.

"సల్లగానే ఉండాది," అంది. "రాక్కా. రాండి అందరూ. తివాసీ ఎర్రదే, మన మట్టీ ఎర్రదే. ఏం కాదు."

ఆ మాటతో అరవైనాలుగు మందీ లోపలికొచ్చేశారు. నవ్వులు, తోపులాట, "జరగప్పా", "నీ మోకాలు తీయే", నీళ్ల గ్లాసు చేతులు మారుతోంది. బయ్యన్న తలపాగా విప్పి కాళ్లు బారజాపి, "షామియానాలో నా పెండ్లికి కూచున్న్యా, మళ్లా ఇదే," అన్నాడు. అక్క తివాసీ మీద కూర్చుని రెండు అరచేతులూ నేలకు ఆనించి, చల్లగా ఉందో లేదో నమ్మకం కుదరనట్టు మళ్లీ మళ్లీ తడుముతోంది. సారు కళ్లు తుడుచుకుని, జేబులోంచి పెన్ను తీసి, మూత తీశారు.

సరిగ్గా అప్పుడే కట్ట మీద ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి శింగనమల టెంట్ల వ్యాపారి తేజ దిగాడు.

"సురేంద్రన్నా, ఇంగ ఇప్పుకోవచ్చునా? సాయంత్రం పేరు పెట్టే కార్యం ఉండాది, కుర్చీ గూడా వాళ్లకే."

సారు పెన్ను మూత టక్కుమని పెట్టిన చప్పుడు అందరికీ వినిపించింది.

"అద్దెకు తెచ్చినావా?"

"సార్," అన్నాడు సురేంద్ర నేల చూస్తూ, "ఈ పొద్దుకైతే నీడే కదా సార్."

"ఆర్డర్లో ఈ పొద్దు అని రాయలేదప్పా. మీకు పని జాగాకని ఇచ్చిన టార్పాలిన్ పట్ట ఒకటి ఉండాల కదా. అది యాడ?"

"స్టాకులో ఉండాది సార్."

"స్టాకు యాడ?"

"ఇంటికాడ."

"ఇంటికాడ యాడ?"

సురేంద్ర ఇస్త్రీ చొక్కా చివరతో మొహం తుడుచుకున్నాడు. పెళ్లికొడుకు కుర్చీలోంచి తిరుపాలమ్మ చెప్పింది. "వామి మీద సార్. వాళ్ల శెనక్కట్టె వామి మీద కప్పినారు. దినామూ ఆ దోవనే కదా మాము వచ్చేది."

"ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"మీరు అడగల్యా సార్. నీడ ఉండాదా లేదా అన్నారు. లేదన్నా."

తొమ్మిది పేజీల ఆర్డరులో ఆ ఒక్క ప్రశ్న లేదని సారుకు అప్పుడు గుర్తొచ్చింది.

"వాన పడితే కట్టె నానిపోతాది సార్," అన్నాడు సురేంద్ర. "మా గొర్లకు అదే మేత."

సారు ఆకాశం వైపు చూశారు. అరవైనాలుగు మందీ చూశారు. తేజ కూడా చూశాడు. మబ్బన్నది దూది పింజంత కూడా లేదు. ఆ కుంటలో చివరిసారి నీళ్లు చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

"పదండి," అన్నారు సారు.

ఊరేగింపు బయల్దేరింది. ముందు సారు, పక్కన దారి చూపుతూ తిరుపాలమ్మ, వెనక పారలు భుజాన వేసుకుని జనం, అందరికన్నా చివర సురేంద్ర. అక్కను షామియానాలోనే కూర్చోబెట్టారు. ఊళ్లోకి రాగానే కుక్కలు, కోళ్లు కూడా కలిశాయి. సురేంద్ర ఇంటి పెరట్లో ఇంటికన్నా ఎత్తుగా, వేరుశనగ ఎండు కట్టె కుప్పేసిన వామి, దాని మీద నీలం పట్ట, అంచులకు రాళ్లు కట్టి ఉన్నాయి. వామి ముందు మంచం వేసుకుని సురేంద్ర నాయన ఎర్రన్న కూర్చుని ఉన్నాడు. విషయం విని, లేవలేదు.

"తీసుకుపోతే తీసుకుపోండి. వాన పడితే ఎవురప్పా జవాబు?"

"వాన పడితే నేనే వచ్చి ఈ వామి పక్కన నిలబడి తడుస్తా," అన్నారు సారు.

ఎర్రన్న ఆయన్ను ఎగాదిగా చూశాడు. "రాసిస్తావా?"

సారు రాసిచ్చారు. తేదీ వేసి సంతకం పెట్టారు. మూడేళ్లలో అంత చిన్న ఆర్డరు ఆయన ఇంకొకటి రాయలేదు. ఎర్రన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకున్నాక మంచం జరిగింది. మనుషులు వామి ఎక్కారు. రాళ్లు ఊడాయి. పట్ట దుమ్ము కక్కుతూ దిగింది.

కుంటలో గుంతలు తవ్వారు, తేజ పాత గుంజలు నాలుగు ఉంచి పోయాడు, కొంగులు నడుముకు బిగించి ఆడవాళ్లు తాడు లాగారు. రెండున్నరకు పట్ట లేచి నిలబడింది. నేల మీద నల్లటి నీడ, అంచులు గీసినట్టు పడింది. గాలికి పట్ట టపటపమంది. ఎవరో ఈల వేశారు. తిరుపాలమ్మ తువ్వాలు తెచ్చి సారు చేతికిచ్చింది.

"ఇప్పుడు మీ వంతు సార్."

ఒకటి, రెండు, మూడు. సారు నేల మీదే కూర్చున్నారు. పక్కన అక్క కూర్చుంది. తిరుపాలమ్మ, బయ్యన్న, ఇంకొందరు సర్దుకున్నారు. మిగతావాళ్లు చుట్టూ నిలబడి సంబరంగా చూశారు. గడియారంలో అరగంట, ఒక్క నిమిషం కూడా తగ్గకుండా. ఇరవై రెండో నిమిషంలో అక్క నోరు విప్పింది.

"రేపు పనికొస్తా," అంది చెల్లెలితో. "పార నాదే తీసిపెట్టు. పిడి వదులైనది ఇస్తావు మళ్లా."

సారు అందరి వేలిముద్రలూ తీసుకునేసరికి మూడున్నర దాటింది. బస్సు పోయింది. ఇక మిగిలింది సురేంద్ర బండి. అట్లా ముద్దాయి బండి తోలుతుంటే న్యాయమూర్తి వెనక కూర్చుని, వీపు మీద తువ్వాలు రెపరెపలాడుతుంటే అనంతపురం దారి పట్టారు.

"సార్, వామి సంగతి రిపోర్టులో రాస్తారా?"

"నాలుగు యాభై లోపల దించితే ఆలోచిస్తా. ముందు దోవ చూడు."

రైలు గేటు పడింది. గూడ్సు బండి. యాభై ఎనిమిది పెట్టెలు, సారు లెక్కపెట్టారు. ఊళ్లోకి వచ్చాక గొర్రెల మంద, ఆ తర్వాత ఎవరిదో ర్యాలీ. సురేంద్ర సందుల్లోంచి, ఒకచోట హోటలు వంట గదిలోంచి కూడా తీసుకొచ్చాడని సారు తర్వాత చెప్పేవారు. నాలుగూ నలభై ఎనిమిదికి మెట్ల కింద గది తలుపు తెరుచుకుంది. ఉమాదేవి అదే కుర్చీలో, వేలు అదే అంకె మీద పెట్టి ఉంది. కరెంటు పోలేదు.

"కూర్చున్నారా సార్?"

"కూర్చున్నా."

ఆమె కొట్టింది. తెర మీద ఏడో గడిలో ఒకటి కనిపించింది. ముగ్గురూ వంగి దాన్ని చూశారు. సురేంద్ర, తన మీద పెట్టిన అర్జీ అన్నది మర్చిపోయి, "బాగుండాది సార్," అన్నాడు.

"రిమార్కుల గడి ఖాళీగా ఉంటే తీసుకోదు సార్," అంది ఉమాదేవి.

సారు ఎర్ర మట్టి పట్టిన తువ్వాలును కుర్చీ వీపున వేసి, చెప్పారు. ఆమె చెప్పింది చెప్పినట్టు కొట్టి, పంపింది. తెర మీద సుడి తిరిగింది, తిరిగింది, ఆగింది. నాలుగూ యాభై ఏడుకు నివేదిక అందినట్టు రసీదు వచ్చింది. ఉమాదేవి పొద్దుననే తెచ్చి బల్ల కింద దాచిన బూందీ పొట్లం విప్పింది.

రిమార్కుల గడిలో ఉన్నది ఇది. పట్ట పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు తొమ్మిది. కింద ఒకసారికి పన్నెండు మంది కూర్చోవచ్చు. కూలీలు అరవైనాలుగు మంది.